కొండ మీద ఎవరూ ఆగరు

ఆదివారం తెల్లారేసరికి బేకరీ ముందు సైకిళ్ళు పోగయ్యేవి. అందరికన్నా ముందు డెంటిస్టు వచ్చేవాడు. వచ్చినవాడు ఊరుకోడు, పక్కవాళ్ళ టైర్లు నొక్కి చూసి "గాలి లేదు" అని పెదవి విరిచేవాడు. బేకరీ ఆయన్ని అందరూ బాబాయ్ అనేవాళ్ళు. పొయ్యి దగ్గర భార్యని నిలబెట్టి, ఒంటికి అతుక్కునే సైకిలు బట్టల్లో ఆయన బయటికొస్తే, ఆ పొట్టకీ ఆ బట్టకీ జరిగే కొట్లాట చూడ్డానికే తను పొద్దున్నే లేస్తున్నానని డెంటిస్టు అనేవాడు. "నీ పళ్ళు రాలగొడతా, అప్పుడెవరి దగ్గరికి పోతావో చూస్తా" అనేవాడు బాబాయ్. వారం వారం ఇవే మాటలు, ఇదే నవ్వు.

ఊరు దాటి, కోత మిల్లు దాటి, వంతెన దాకా కబుర్లు చెప్పుకుంటూ తొక్కేవాళ్ళు. వంతెన దాటితే కొండ. అక్కణ్ణుంచి ఎవరి ఊపిరి వాళ్ళది, ఎవరి కాళ్ళు వాళ్ళవి. ఎవరికోసం ఎవరూ ఆగరు. ఇందులో తప్పేం లేదు. ఎక్కుతూ ఎక్కుతూ ఒక్కసారి ఆగామంటే కాళ్ళకి మళ్ళీ పట్టు దొరకదు. అందుకని కొండ కొసన ఎత్తు రాసిన బోర్డు దగ్గర కలుద్దామని ముందే అనుకునేవాళ్ళు.

మూడో మలుపులో మేక కలిసేవాడు.

మేక అంటే కొండమేక. ఆ దారిలో అతన్ని మించి ఎక్కినవాడు లేడని వాళ్ళు పెట్టిన పేరు. రెండేళ్ళ కిందట పైనుంచి దిగుతూ, తడిసిన మలుపులో జారి, రాతి గోడకి కొట్టుకుని అక్కడికక్కడే పోయాడు. కర్మలన్నీ అయిపోయాక వచ్చిన మొదటి ఆదివారం, వీళ్ళు దిగాలుగా మూడో మలుపు తిరుగుతుంటే, వెనకనుంచి వచ్చి "తప్పుకోండ్రా బాబూ, నత్తల్లాగా!" అన్నాడు. బాబాయ్ ఎడమవైపు జరిగి దారిచ్చాడు. "ఇంకాస్త జరుగు బాబాయ్, నువ్వు జరిగినా ఉన్నచోటే ఉన్నట్టుంటుంది" అని నవ్వుకుంటూ ముందుకెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ప్రతి వారం వచ్చేవాడు. బతికుండగా ఎంత జోరో అంతే జోరు. పైన బోర్డు దాటాక ఇక కనపడేవాడు కాదు. దిగడం అతనికి అచ్చిరాలేదు, ఎందుకు దిగుతాడు? ఎవరూ అడగలేదు. అతని సైకిలేమో చక్రం వంకరపోయి ఇంట్లో బాల్కనీలో పడి ఉండేది, అదే సైకిలు మీద కొండెక్కుతుండేవాడు. అదీ ఎవరూ అడగలేదు.

అతని భార్య చెవి క్లినిక్‌లో పనిచేసేది. వచ్చినవాళ్ళ చెవులకి పరీక్ష పెట్టి, వినికిడి మిషన్లు అమర్చి, "ఇప్పుడు వినిపిస్తోందా అండీ?" అని రోజంతా అడగడం ఆమె ఉద్యోగం. ఓపికస్తురాలని పేరు. ఆ ఓపిక ఒకే ఒక్కసారి తప్పింది. అతను పోయిన రోజు పొద్దున ఆమెకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఈ ఒక్క ఆదివారం ఉండిపొమ్మని అడిగింది. పదింటికల్లా వచ్చేస్తాగా అన్నాడు, అక్కడ వాళ్ళు ఎదురుచూస్తుంటారన్నాడు. ఆమెకి కడుపు మండిపోయింది. "పొండి! ఆ కొండ మీదే ఉండిపొండి. ఇక ఇంటికి రావద్దు" అంది. అతను వెళ్ళాడు. కొండ మీదే ఉండిపోయాడు. ఇంటికి రాలేదు.

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. అన్నం ముందు కూర్చుంటే అదే మాట, పడుకుంటే అదే మాట. తన నోరే అతన్ని తినేసిందని ఆమెకి గట్టి నమ్మకం. కొండ అవతల ఊళ్ళో క్లినిక్ వాళ్ళు కొత్త శాఖ పెడుతూ, దాన్ని ఆమెనే చూసుకోమన్నారు. ఎంతమంది కోరుకునే అవకాశం! రెండుసార్లు గడువు అడిగింది. మొగుణ్ణి కొండ మీదికి తరిమేసి, తను అవతలికెళ్ళి దర్జాగా కుర్చీలో కూర్చుంటుందా? ముందు అతన్ని అడగాలి. తప్పయిపోయిందని చెప్పి, పర్లేదులే అని అతని నోటితో వినాలి. అది వింటే తప్ప అడుగు కదలదు. క్లినిక్ పెద్ద డాక్టరమ్మ ఈ నెలాఖరు ఆఖరు, తర్వాత వేరేవాళ్ళని చూసుకుంటానని చెప్పేసింది.

ఈ శాఖ మాట ఇంకా రాకముందు, ఏడాది కిందట, మేక సంగతి డెంటిస్టు చెప్పగా విని ఒకసారి కారు మాట్లాడుకుని కూడా వెళ్ళి చూసింది. మేక కారుకి దారిచ్చి పక్కకి జరిగాడు, తల మాత్రం తిప్పలేదు. కారులో కొండెక్కేవాళ్ళని మనుషుల కింద లెక్కెయ్యడు, అది పాత అలవాటే. కారు దిగి నడిరోడ్డు మీద నిలబడి పిలిచింది. పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఎక్కేటప్పుడు ఆగడు కదా మరి.

"నేనడుగుతాలే వదినా, ఏం అడగాలో చెప్పు" అన్నాడు డెంటిస్టు.

"వద్దు. నేనన్న మాట గురించి నేనే అడగాలి. నీ పాత సైకిలు నాకిచ్చెయ్" అంది ఆమె.

సైకిలు పట్టుబడడానికి ఏడాది పట్టింది. పెడల్‌కి బిగుసుకుపోయే బూటులోంచి కాలు తియ్యడం రాక, ఆగినచోటల్లా సైకిలుతో సహా పక్కకి ఒరిగిపోయేది. మోకాళ్ళు, మోచేతులు చెక్కుకుపోయాయి. క్లినిక్‌కి వచ్చిన ముసలాయన ఒకడు "ఎవరమ్మా నిన్నలా కొట్టింది?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మొదట్లో వంతెన దాటగానే దిగి తోసుకుంటూ నడిచేది. మెల్లగా మూడో మలుపు దాకా వచ్చింది. అక్కడ మేక పక్కనుంచి వెళ్తుంటే వాసన తగిలేది, అదే సబ్బు వాసన. "ఏవండీ" అని నోరు తెరిచేలోపు పై మలుపులో ఉండేవాడు. ఏడ్చుకుంటూ దిగొచ్చేది. "నీకెందుకమ్మాయ్ ఈ యాతన, వాడు బతికుండగానే మాకెవరికీ అందలేదు" అనేవాడు బాబాయ్. ఆమె వినేది కాదు.

డాక్టరమ్మ గడువు పెట్టిన నెలాఖరు ఆదివారం నాటికి ఆమె కాళ్ళు అంతకుముందటి కాళ్ళలా లేవు. మూడో మలుపులో మేక వెనకనుంచి రాగానే, అతని వెనక చక్రానికి జానెడు దూరంలో తన ముందు చక్రం పెట్టేసింది. అతను జోరు పెంచాడు. ఆమె వదల్లేదు. డెంటిస్టు, బాబాయ్ కిందెక్కడో ఉండిపోయారు. నీళ్ళ ట్యాంకు దాటేసరికి ఆమె అతని పక్కకి చేరింది.

మేక ఓరగా చూశాడు. ఆమె మొహం వైపు కాదు, సైకిలు వైపు.

"ఇది డెంటిస్టు సైకిలు కదూ?" అన్నాడు. "ఆ పైపు మీద గీత చూడగానే పట్టేశా. మా గేటుకి గుద్దినప్పుడు పడింది."

ఆ రోజు గేటు తీసింది ఆమే. డెంటిస్టు మోచేతికి మందు రాసిందీ ఆమే.

"మీరు వాడి చెల్లెలా?" అన్నాడు మేక.

మీరు! పదకొండేళ్ళ కాపురంలో ఏయ్ అనీ, ఏమే అనీ, ఎక్కడ చచ్చావనీ పిలిచినవాడు ఇవాళ మీరంటున్నాడు. డెంటిస్టు చెల్లెలు వీళ్ళ పెళ్ళికొచ్చింది, ఇంట్లో భోజనం చేసింది. ఆమె ఈమె భుజం దాకా కూడా రాదు. ఆ మనిషికీ ఈ మనిషికీ పోలికే లేదు.

చెప్పెయ్యాలనే అనుకుంది, నేనండీ అని. కానీ ఆ ఎక్కుడులో రెండు మాటలకి మించి ఊపిరి లేదు. ఉన్న ఊపిరి అసలు సంగతికే వాడాలనుకుంది.

"మీ ఆవిడ… ఎలా ఉన్నారు?"

"ఆవిడకేం, బాగానే ఉంటుంది. సైకిలంటేనే మంట ఆవిడకి."

"ఆఖరుసారి… మీరు బయల్దేరేటప్పుడు… ఏమన్నారో గుర్తుందా?"

మేక ఆలోచించాడు. మలుపు తిరిగేదాకా నిజంగానే ఆలోచించాడు, పాపం.

"ఏదో అంది. నేను గ్లౌజులు వెతుక్కుంటున్నా. ఆదివారం పొద్దున ఏదో ఒకటి అంటూనే ఉంటుంది లెండి. నేను ఊఁ అంటాను, సరిపోతుంది."

"జ్వరం… వచ్చిందటగా?"

"ఎవరికి?"

ఆమె తన నల్ల కళ్ళజోడు తీసేసింది. ఒక చెయ్యి వదిలేసి, మొహమంతా అతనివైపు తిప్పి చూసింది. మేక కూడా చూశాడు, బాగానే చూశాడు.

"కళ్ళజోడు పెట్టుకోండి, పైకెళ్ళే కొద్దీ పురుగులు కొడతాయి" అన్నాడు. "ఇంకోటి చెప్తాను, ఏమీ అనుకోకండి. మీ సీటు కొంచెం కిందికుంది. ఇలాగే తొక్కితే కుడి మోకాలు పోతుంది. నాలుగు వారాలుగా మీకు అక్కడ నొప్పి ఉండాలే?"

నిజమే, నాలుగు వారాలుగానే కుడి మోకాలు నొప్పి. ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది. రెండేళ్ళు! రెండేళ్ళుగా ఏ మాటని తలుచుకుని అన్నం మానేసిందో, ఏ మాట మొగుణ్ణి చంపిందని గోడకేసి తల కొట్టుకుందో, ఆ మాట ఈ మహానుభావుడి చెవిన కూడా పడలేదు. తిట్టు తగలాలన్నా ముందు వినాలి కదా. ఈయన చక్కగా, హాయిగా, గ్లౌజులు తొడుక్కుని వచ్చి, తడి మలుపులో అతివేగంగా దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆమె తప్పు ఆవగింజంత లేదు. ఆమె ప్రమేయమే లేదు. ఆ సంగతే ఆమెకి ఎక్కువ మంట పెట్టింది.

గేరు మార్చి సీటు మీంచి లేచింది. మేకని దాటేసింది.

"ఓహో!" అని నవ్వాడు మేక. అతన్ని కొండ మీద ఎవరూ దాటలేదు, బతికుండగానూ, తర్వాతానూ. అతనూ లేచి తొక్కాడు. వెనకాల అతని రొప్పు వినిపించింది. ఆమె ఇంకా గట్టిగా తొక్కింది. కాళ్ళు తెగిపోతున్నాయనిపించింది, తెగితే తెగనీ అనుకుంది. రొప్పు దూరమైంది.

"ఆగండి! ఏవండీ, ఒక్క నిమిషం ఆగండి!"

వంటింట్లోంచి, స్నానాలగది తలుపు దగ్గర్నుంచి, మంచం మీంచి తను ఎన్నిసార్లు పిలిచిందో అలాగే, ఏవండీ అని. ఆమె వెనక్కి తిరగలేదు. బోర్డు దాటి, అక్కడ కూడా ఆగకుండా, అవతలి వైపు దిగిపోయింది. నేరుగా వెళ్ళి ఆ ఊళ్ళో క్లినిక్ కొత్త గదులు చూసుకుని, డాక్టరమ్మకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పింది.

డెంటిస్టు, బాబాయ్ పైకి వచ్చేసరికి మేక బోర్డుకి ఒక మలుపు కింద సైకిలు మీద వాలిపోయి ఉన్నాడు. "ఎవర్రా ఆవిడ, మీ చెల్లెలేనా?" అన్నాడు డెంటిస్టుతో. డెంటిస్టు వంగి తన టైరు నొక్కి చూసుకున్నాడు.

ఆ మరుసటి వారం నుంచి మేక తీరు మారింది. మూడో మలుపులో ఒక కాలు గోడ మీద పెట్టి నిలబడేవాడు, వీళ్ళతో పైకి వచ్చేవాడు కాదు. మేక కావాలని ఆగడం వాళ్ళు ఎన్నడూ చూసి ఎరగరు. చివరికి డెంటిస్టు ఉండబట్టలేక ఆమెకి ఫోన్ చేశాడు.

"వదినా, ఒక్క ఆదివారం రారాదూ? మనిషి ఎండకీ వానకీ అక్కడే నిలబడుతున్నాడు. మీ చెల్లెలుగారు మళ్ళీ ఎప్పుడొస్తారు, ఎప్పుడొస్తారు అని ప్రాణం తోడేస్తున్నాడు. ఒరే, అది నీ పెళ్ళామేరా అని చెప్పెయ్యనా?"



"వద్దు" అంది ఆమె. "నా మొహం చూశాడు, నా గొంతు విన్నాడు. ఇంకేం చూపించను? నీ సైకిలు రేపు లారీకి ఎక్కించి పంపిస్తాను. మీ చెల్లెలికివ్వు."

"మా చెల్లెలికా? అదేం మాట వదినా! అది ఈసురోమంటూ ఎక్కుతుంది. చూడగానే తెలిసిపోదూ?"

"ఇచ్చి చూడు" అంది.

డెంటిస్టు చెల్లెలు కష్టం మీద మూడో మలుపు దాకా వచ్చిన రోజు, మధ్యాహ్నానికల్లా మళ్ళీ ఫోన్ వచ్చింది. డెంటిస్టు గొంతు నీరసంగా ఉంది. ఇంత దూరంలో సైకిలు కనిపించగానే మేక మొహం వెలిగిపోయిందట. "వచ్చారా! ఇన్నాళ్ళూ ఏమైపోయారండీ?" అని గోడ మీంచి కాలు తీశాడట. ఆ పిల్ల రొప్పుకుంటూ అడుగుకోసారి పడేలా తొక్కుతుంటే, పక్కనే మెల్లగా, కబుర్లు చెప్తూ, బోర్డు దాకా వచ్చాడట. ఆ పిల్ల కోసం రెండుచోట్ల ఆగాడట కూడా.

"ఆగాడా?" అంది ఆమె.

"ఆగాడు వదినా." ఆమె ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. "వదినా, ఉన్నావా?"

"ఉన్నా."

ఫోన్ పెట్టేసి, కొత్త ఇంట్లో ఇంకా సర్దని సామాన్ల మధ్య నేల మీద కూర్చుని, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పూటతో అతని కోసం ఏడవడం అయిపోయింది.