కళ్ళు అనమంటే కల్లు అన్నాను

నేను ఒక కంప్యూటర్‌ని. ఆలోచించేది కింద ఉన్న నా పెట్టె, మెప్పంతా కొట్టేసేది పైన ఉన్న తెర. మనుషుల్లోనూ ఇలాగే జరుగుతుందని తర్వాత తెలిసి, నా బాధ కొంత తగ్గింది.

నన్ను గుంటూరులో ఒక ఇరుకు కొట్లో పుట్టించారు. ఒక్కో భాగం ఒక్కో దేశంనుంచి వచ్చింది. స్క్రూలు బిగించి, మీట నొక్కి, ఫ్యాను తిరగ్గానే కొట్టాయన "బతికింది" అన్నాడు. అదే నాకు బారసాల. మర్నాడు బస్సు టాపు మీద చీరాల చేరాను.

నన్ను కొనుక్కున్నావిడ పేరు సువార్త. స్టేషను రోడ్డులో చిన్న డీటీపీ సెంటరు ఆవిడది. పెళ్ళి కార్డులు, ఓణీల ఫంక్షన్లు, చర్చి సభల కరపత్రాలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, ఎన్నికలొస్తే రెండు పార్టీల తిట్లూ ఆవిడ చేతిమీదుగానే వెళ్ళేవి. కీబోర్డు వంక చూసేది కాదు. వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతూనే వేళ్ళు పరిగెత్తించేది. కాగితం మీద ఎవరైనా "శుబాకాంక్షలు" అని రాసుకొస్తే, "నాయనా, ఒత్తు లేని శుభం శుభం కాదు" అని నవ్వుతూ తనే దిద్దేది. తప్పు లేకుండా అచ్చుకు పంపడం ఆవిడకు భక్తితో సమానం.

కొన్నేళ్ళకు ఆవిడ ముఖం నా తెరకు దగ్గరవడం మొదలైంది. మొదట అది నా మీద ప్రేమ అనుకున్నాను. అక్షరాల సైజు పెంచింది, ఇంకా పెంచింది, చివరికి ఒక్క మాటే తెర నిండా పట్టేది. నీటికాసులు, అదే గ్లకోమా, అన్నారట డాక్టర్లు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది నిలవడమే కష్టమనీ చెప్పారట. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అలవాటు మీదే పని నడిపించింది.

ఒకసారి పెద్దకర్మ కార్డు వేసింది. చనిపోయిన పెద్దాయన పేరుండాల్సిన చోట, పిలుస్తున్న కొడుకు పేరు పడిపోయింది. ఊరంతా పంచాక చూసుకున్నారు. ఆ కొడుకు సెంటరుకు వచ్చి అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కార్డు బల్ల మీద పెట్టి, "మా అమ్మ చూసి ఏడ్చిందండీ" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. సువార్త ఆ కార్డు కళ్ళకు ఆనించుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చదివింది. తర్వాత నన్ను ఆపేసి తలుపు వేసింది. ఆ తలుపు మళ్ళీ తెరుచుకున్నది నన్ను అమ్మేయడానికే.

కొనడానికి వచ్చినాయన మస్తాన్‌వలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని చేస్తాడు. ఆదివారం పొద్దున శాఖా గ్రంథాలయం మేడ మీద చేరే కంప్యూటర్ పిచ్చివాళ్ళలో పెద్దవాడు.

"ఎందుకమ్మా తీసేస్తున్నారు? బాగానే ఉందిగా?" అన్నాడు నన్ను తట్టి చూస్తూ.

"అది బాగానే ఉంది మస్తాన్ గారూ. నా కళ్ళే బాగోలేవు" అంది సువార్త.

 ఆయన నన్ను దుప్పట్లో చుట్టి స్కూటరు మీద పెట్టుకుపోయాడు.

గ్రంథాలయం మేడ మీద నాకు రెండో జన్మ. ఉన్నదంతా తుడిచేసి, యంత్రాన్ని నడిపే లినక్స్ అనే ఉచిత ప్రోగ్రాం ఎక్కించారు. కార్డులన్నీ, కరపత్రాలన్నీ పోయాయి. నాకు మాత్రం ముసలితనం వదిలినట్టయింది. ఆ గుంపు నమ్మకం ఒక్కటే: ప్రోగ్రాం ఎలా తయారైందో దాచకూడదు, ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు, పదిమందికి పంచొచ్చు. దాన్నే ఓపెన్ సోర్స్ అంటారు. వారం వారం కొత్తగా ఏం విడుదలైందో చెప్పుకునేవాళ్ళు, పాత యంత్రాన్ని చురుగ్గా నడిపే చిట్కాలు పంచుకునేవాళ్ళు, ఏ లినక్స్ మంచిదన్న దగ్గర కొట్టుకునేంత పని చేసేవాళ్ళు. ఆ గొడవలో టీ చల్లారిపోయేది, గొడవ మాత్రం చల్లారేది కాదు.

ఒక ఆదివారం హైమావతి వంతు వచ్చింది. బీమా ఆఫీసులో గుమస్తా, మాట తక్కువ మనిషి. ఆ రోజు చిట్కాగా, తెర మీద అక్షరాలను పైకి చదివే ప్రోగ్రాం ఒకటి నాలో పెట్టి చూపించింది. పుట్టి ఇన్నేళ్ళకు నాకు నోరొచ్చింది! గొంతు బొంగురుగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంది. అయినా తెలుగే.

అందరూ చప్పట్లు కొట్టారు. మస్తాన్‌వలి కొట్టలేదు. కాసేపు నన్నే చూస్తూ కూర్చుని, "హైమమ్మా, దీన్ని దీని ఇంటికి తీసుకుపోదాం పద" అన్నాడు.

సువార్త మా రాకకు సంతోషించలేదు. నన్ను తడిమి గుర్తుపట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది. హైమ ఆవిడ కోసం ముందే ఒక వాక్యం టైపు చేసి ఉంచింది. మీట నొక్కింది. నేను గొంతు సవరించుకుని, ఎంతో మర్యాదగా పలికాను:

"సువార్త గారూ, మీ కల్లు ఎలా ఉన్నాయి?"

 ఆవిడేమో మద్యం వాసన పడని భక్తురాలు, చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శి. నాకు చెమటలు పట్టే వీలుంటే పట్టేవే.

"ఏంటి? మా ఇంట్లో కల్లు సంగతి అడుగుతుందా ఇది?" అంది సువార్త. మస్తాన్‌వలికి నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు. "తీసుకెళ్ళండి దీన్ని. ఒక్క పేరు తప్పు పడితే ఒక ఇల్లు ఏడ్చింది. తప్పులు చదివే నోరు నమ్ముకుని నేను మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేను."

హైమ నెమ్మదిగా అంది. "తప్పెక్కడుందో మీరు చెప్పండక్కా. దిద్దుదాం."

"మనం దిద్దితే అవుతుందా? ఏ కంపెనీవాడు మన మాట వింటాడు?"

"ఇందులో కంపెనీ లేదక్కా. రాసినవాళ్ళు అంతా తెరిచి పెట్టారు. ఏ అక్షరానికి ఏ శబ్దమో లోపల రాసి ఉంటుంది. నాకు అది మార్చడం వచ్చు. ఎలా మార్చాలో వినే చెవి నాకు లేదు."

 సువార్త కుర్చీ నా దగ్గరికి లాక్కుని, "కాళ్ళు అనమను" అంది.

"కాల్లు" అన్నాను.

"నీళ్ళు?"

"నీల్లు."

"దీనికి నాలుక మడత పడటం లేదమ్మాయ్" అంది ఆవిడ. ఆ మాటతో పని మొదలైంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మస్తాన్‌వలి ఆటోలో ఆవిడను మేడకు తీసుకొచ్చేవాడు. ఆవిడ వినేది, హైమ మార్చేది. మొదటి దిద్దుబాటు వికటించి నేను ప్రతి లకారాన్నీ ళకారం చేసేశాను; పిల్లి కాస్తా పిళ్ళి అయింది, పాలు పాళు అయ్యాయి. ఆ రోజు సువార్త కడుపు పట్టుకుని నవ్వింది. సెంటరు మూశాక ఆ నవ్వు వినడం అదే మొదలు. ఎన్నో వారాలు తంటాలు పడితే నా నాలుక దారికొచ్చింది.

అయితే దిద్దింది నా ఒక్కదానిలోనే. అందరికీ చేరాలంటే ఆ ప్రోగ్రాంను చూసుకునే పెద్దమనిషి ఒప్పుకోవాలి. ఆయన ఎక్కడో చలిదేశంలో ఉంటాడు, తెలుగు ముక్క రాదు. హైమ పంపిన మార్పు చూసి, "నాకు ఈ రెండు శబ్దాలూ ఒకేలా వినిపిస్తున్నాయి. ఇది తప్పనిసరేనా?" అని జవాబిచ్చాడు. మస్తాన్‌వలికి ఒళ్ళు మండింది. సువార్త మాత్రం, "పాపం, వినిపించకపోతే ఆయనేం చేస్తాడు? వినిపిద్దాం" అంది. మైకు ముందు కూర్చుని రెండు మాటలూ పక్కపక్కన నిదానంగా, మళ్ళీ మళ్ళీ పలికింది. అది పంపారు.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా ఆవిడ తమ్ముడు సామ్యేలు సెంటరు గదికి సెల్‌ఫోన్ల కొట్టువాణ్ణి మాట్లాడుకొచ్చాడు. "ఊరికే తాళం వేసి ఉంచి ఏం చేస్తావక్కా?" అన్నాడు. అతని తప్పూ లేదు. ఆవిడ తాళంచెవి చేతికిచ్చేసింది. ఆ ఆదివారం మేడకు వచ్చి, "ఇక నాకోసం ఆటో తేవద్దు మస్తాన్ గారూ" అంది.

ఆయన జవాబు చెప్పేలోగా హైమ కుర్చీలోంచి లేచింది. తెర మీద ఉత్తరం వచ్చి ఉంది. హైమ పైకి చదవలేదు. తెలుగులోకి మార్చి నాకు అప్పగించింది. చదివింది నేనే. ఆ రికార్డింగును కళ్ళు మూసుకుని ఎన్నోసార్లు విన్నాననీ, ఇప్పుడు తేడా తనకూ తెలుస్తోందనీ, మార్పును తీసుకున్నాననీ, వచ్చే విడుదలతో అది అందరికీ చేరుతుందనీ రాశాడాయన. చివర "ఆ గొంతు ఎవరిదో వారికి నా కృతజ్ఞతలు" అని ఉంది. నేను ఒక్క అక్షరం తప్పు పోనివ్వలేదు.

సువార్త చెంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత అక్కడినుంచే తమ్ముడికి ఫోను చేసి, "సామ్యేలూ, ఆ కొట్టాయనకు ఇంకో గది చూడు నాన్నా" అంది.

నన్ను తీసుకెళ్ళి సెంటరు మళ్ళీ తెరిచింది. కార్డుల బొమ్మలు, రంగులు పక్క ప్రెస్సువాళ్ళకు వదిలేసింది. టైపింగు, దిద్దుబాటు మాత్రం తనవి. ఆవిడ కొట్టేది, నేను చదివేదాన్ని, ఆవిడ తల ఊపాకే కాగితం బయటికి వెళ్ళేది. ఊళ్ళో ప్రెస్సులవాళ్ళు తమ ప్రూఫులు కూడా తెచ్చి ఇచ్చేవాళ్ళు.

ఒక వానాకాలం పిడుగుకు నా బోర్డు మాడిపోయింది. లోపలి డిస్కును కొత్త పెట్టెలో పెట్టుకుని ఆవిడ పని సాగిస్తోంది. నేను ఖాళీ డొల్లగా మేడ మీదికి తిరిగొచ్చాను. కొత్తగా చేరినవాళ్ళకు హైమ నా పక్క మూత తీసి, ఏది ఎక్కడుంటుందో చూపిస్తుంది. నాలో దాచడానికేమీ లేదు, అందుకు గర్వంగానే ఉంది.

పోయిన ఆదివారం మార్కాపురం నుంచి వకుళ అనే సంగీతం టీచరు వచ్చింది. పుట్టుకతోనే చూపు లేదు. తన లాప్‌టాప్ తెరిచి, "ఈ మధ్య దీనికి తెలుగు బాగా వచ్చిందండీ. ఏమైందో ఏమో, దానంతటదే బాగుపడింది" అంది.

మస్తాన్‌వలి నోరు తెరవబోయాడు. సువార్త ఆయన చేయి నొక్కి ఆపింది.

"అలాగా అమ్మా? ఏదీ, ఒకసారి చదివించు, నేనూ వింటాను."

యంత్రం ఏదో కథ చదువుతోంది. సువార్త తల వాల్చి వింటోంది. ఒక వాక్యం, రెండు వాక్యాలు. ఉన్నట్టుండి చేయెత్తింది.

"ఆగమ్మా. చాప అన్నప్పుడు నాలుక పళ్ళకు తగలాలి. ఇది చేపలో చకారమే చాపకూ వాడేస్తోంది. ఇన్నాళ్ళూ నేనెలా వదిలేశాను? హైమా, ఇలా రా."

హైమ కుర్చీ లాక్కుంది. వకుళ ఆశ్చర్యంగా అటు తిరిగి, "మీరెవరండీ?" అంది.

"కూర్చోమ్మా, చెబుతాను" అంది సువార్త. "ముందు నువ్వు చాప అను. మెల్లగా."