తడి రోడ్డు, ముప్పై తెల్ల చీరలు

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు, సత్తెనపల్లిలో బస్సు దిగేసరికి గురవయ్య దగ్గర ఉన్నవి ఇవి: వంకాయరంగు అంచున్న తెల్ల నూలు చీరలు ముప్పై, వాటికి చుట్టిన ప్లాస్టిక్ షీటు ఒకటి, సైకిళ్ళు బాగుచేసే బుడే షాపులో ఉంచుకున్న పాత సైకిలు, నమ్మదగిన మోకాలు ఒకటి, నమ్మరానిది ఇంకొకటి, గంటన్నర సమయం.

చీరలు రేగులపాలెం చర్చి స్త్రీల సమాజం వాళ్ళవి. ఆ రోజు పదకొండింటికి వాళ్ళ వార్షిక కూడిక. చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళ సమాజాలు వస్తున్నాయి. సమాజం అధ్యక్షురాలు వీరమ్మ రిటైరైన టీచరు. రెండు నెలల కిందట ఆర్డరిచ్చేటప్పుడే మాట తేల్చి చెప్పింది.

"మా వాళ్ళు ముప్పై మందీ ఇవే కట్టుకుని నిలబడాలి గురవయ్య గారూ. ఆ ఎనిమిది ఊళ్ళ వాళ్ళూ చూస్తారు. నచ్చితే మీకే చెప్తారు. కూడిక వేళకు మీరు రాకపోతే మేం పాత చీరల్లో నిలబడతాం, వాళ్ళు ఎప్పటిలాగే గుంటూరు షాపులకు పోతారు. అంతే."

మంగళగిరిలో గురవయ్య బావమరిది ఇంట్లో నాలుగు మగ్గాలున్నాయి. అందులో రెండు దసరా నుంచి దుప్పటి కప్పుకుని ఉన్నాయి. వాటి మీద నేసే వాళ్ళలో ఒకడు అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌గా పోయాడు, రెండోవాడు రేపోమాపో అదే దారి పట్టేట్టున్నాడు. ఎనిమిది ఊళ్ళ ఆర్డరు వస్తే ఆ దుప్పట్లు తీయొచ్చు. అందుకని ఆ మూట ఆయనకు ముప్పై చీరల మూట కాదు, రెండు మగ్గాల మూట.

బస్సు అరగంట ఆలస్యంగా వచ్చింది. బుడే సైకిల్ షాపు తెరిచి, టీ తాగుతూ, ఆకాశం చూస్తున్నాడు.

"బాబాయ్, వెనక టైరు చూశావా? గుండు కొట్టించినట్టుంది."

"మొన్న తిరపతి పోయొచ్చిందిలే. గాలి కొట్టు."

బుడే పంపు తీశాడు గానీ కొట్టలేదు. తుంపర మొదలైంది. రోడ్డు మీద దుమ్ము చుక్కలు చుక్కలుగా నల్లబడుతోంది.

"ఇట్టాంటప్పుడు గాలి కాస్త తగ్గించుకోవాలి బాబాయ్. టైరు మెత్తగా ఉంటే రోడ్డును పట్టుకుంటది. గట్టిగా ఉంటే జారుద్ది."

"మెత్తగా ఉంటే మూట బరువుకి రిమ్ము తగిలి ట్యూబు కోసుకుపోద్ది. రాయిలాగా కొట్టు."

మామూలుగా గురవయ్య డెబ్భై చీరలు వేసుకుని తిరుగుతాడు. ఇవాళ్టి బరువు అందులో సగం కూడా లేదు. అయినా గాలి మాత్రం డెబ్భై చీరలకు సరిపడా కొట్టించాడు.

"పోనీ అరగంట ఆగు. గట్టి వాన పడితే రోడ్డు కడుక్కుపోద్ది. ఈ తుంపరే పాడుది."

"నాకు చెప్తావేంట్రా? నువ్వు పుట్టకముందు నుంచీ పడుతున్నా నేను."

"పడ్డోడివే గదా, ఆగు మరి!"

బుడే చెప్పింది గురవయ్యకు తెలియనిది కాదు. సైకిలు మీద ముప్పై ఒక్క ఏళ్ళ చీరల వ్యాపారంలో ఆయన నాలుగుసార్లు పడ్డాడు. నాలుగూ వానలోనే. అందులోనూ కుండపోతలో ఒక్కసారి కూడా పడలేదు. లారీలు కార్చిన ఆయిలు, ట్రాక్టర్లు రాల్చిన మట్టి, నెలల తరబడి పేరుకున్న దుమ్ము, ఇవన్నీ మొదటి తుంపరకు కలిసి రోడ్డంతా సబ్బు పూసినట్టు అవుతుంది. గట్టిగా కురిస్తే ఆ సబ్బు కొట్టుకుపోతుంది. కానీ రేగులపాలెం తొమ్మిది కిలోమీటర్లు. తడిలో గంట పడుతుంది. అరగంట ఆగితే పదకొండు దాటుతుంది. ఆటోలో పోదామా అంటే, మూల మీద నిలబడ్డ ఆటోలో అప్పటికే ఎనిమిది మంది ఉన్నారు, పదహారు బురద కాళ్ళున్నాయి, పైన ఒక కోళ్ళ గంప ఉంది. తెల్ల చీరలకు అది చోటు కాదు.

మూట వెనక కట్టి బయల్దేరాడు.

రైల్వే గేటు దగ్గర పట్టాలు రోడ్డును ఏటవాలుగా కోస్తాయి. తడిసిన ఇనుము మీద చక్రం ఏటవాలుగా పడిందా, ఇక ఆ పట్టానే పట్టుకుని పోతుంది. గురవయ్య రెండోసారి పడింది అక్కడే. అందుకని హ్యాండిలు ఇటు తిప్పి, అటు తిప్పి, పట్టాలకు ఎదురుగా వచ్చి దాటాడు. వెనక బైకు కుర్రాడొకడు హారను మోగించాడు.

"ఏంటి తాతా, ముగ్గేస్తన్నావా?"

"నిలబడే ఏస్తన్నా గదరా! పడుకోని కాదుగా!"

స్కూలు ముందు స్పీడు బ్రేకరుకు కొత్తగా తెల్ల రంగు వేశారు. రంగు మీద బ్రేకు పట్టకూడదు, తొక్కనూ కూడదు. పెడళ్ళు రెండూ సమంగా పెట్టి, ఊపిరి బిగబట్టి దాని మీదుగా పోనిచ్చాడు. కల్వర్టు మీద పాచి పట్టిన చోట దిగి నడిపించాడు. ఆ తర్వాత పత్తి చేలు వచ్చాయి. కట్టె పీకిన చేలలోంచి ట్రాక్టర్లు రోడ్డెక్కుతూ రేగడి మట్టిని పెళ్ళలు పెళ్ళలుగా రాల్చి పోయాయి. ఎండలో అయితే అది రాయి, ఇప్పుడు వెన్న. లారీ చక్రాలు తొక్కి శుభ్రం చేసిన నడిమి గీత వదలకుండా తొక్కాడు.

పదీ ఇరవైకి ఏడు కిలోమీటర్లు అయ్యాయి. ఇంకా రెండు. పదిన్నరకల్లా కాకపోయినా పదీ నలభైకి చేరతానని లెక్క వేసుకున్నాడు. చేలూ, చేల మీద మబ్బూ తప్ప అడ్డం ఏమీ కనిపించలేదు.

అప్పుడు మిరపకాయలు వచ్చాయి.

ఊరి ముందు రోడ్డు వెడల్పుగా, తిన్నగా ఉంటుంది. కల్లంలో చోటు చాలని రైతులు ఎడమ సగాన్ని రాళ్ళతో వేరు చేసి అక్కడే కాయలు ఆరబోస్తారు. ఫర్లాంగు పొడవున ఎర్రగా పరిచిన కాయల మధ్య ఇప్పుడు జనం పరుగులు పెడుతున్నారు. పడమర మబ్బు నల్లగా దిగింది. కొందరు చెక్కలతో కాయలు కుప్పకు లాగుతున్నారు, కొందరు నీలం ప్లాస్టిక్ పట్టాలు ఈడుస్తున్నారు. అన్నిటికంటే ఇవతల ఉన్నది నతానియేలు కుప్ప. రెండెకరాలు కౌలుకు చేసే మనిషి. ఆయనా, భార్య పేరమ్మా ఇద్దరే ఉన్నారు. పట్టాకు నాలుగు కొసలు.

"ఓ చీరలాయనా! ఆ కొస పట్టుకోవయ్యా!" అని అరిచాడు నతానియేలు.

కాయల మీద వాన పడుతుంటే దారిన పోయే మనిషి ఆగాలి. ఆ పల్లెల్లో అది ఎవరూ చెప్పనక్కర్లేని సంగతి. బస్సు డ్రైవరు ఆగుతాడు, పెళ్ళికి పోయేవాడు ఆగుతాడు. పట్టా కప్పాక ఎవరి దారిన వాళ్ళు పోతారు, ఎవరూ ఎవరికీ మెప్పు చెప్పుకోరు. గురవయ్య కూడా ఎన్నోసార్లు ఆగినవాడే. ఇవాళ మాత్రం తల లోపల గడియారం నడుస్తోంది. ఆగితే ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలు పోతే చీరలు పంచి, కట్టుకుని నిలబడే వ్యవధి వాళ్ళకుండదు.

గంట కొట్టాడు.

"అర్జెంటయ్యా! వచ్చేటప్పుడు ఆగుతా!"

"గంట కొడతాడేందయ్యా! మేమేమన్నా గేదెలమా?" అంది పేరమ్మ.

ఇంతలో గాలి లేచింది. ఎవరూ పట్టుకోని ఆ కొస పైకి ఎగిరి, రోడ్డు కుడి సగం మీద సరిగ్గా సైకిలు ముందు పరుచుకుంది. తడి ప్లాస్టిక్కు, దాని కింద బురద, దాని మీద మిరప గింజలు. తొక్కడం ఆపి తిన్నగా పోనిస్తే దాటేదేమో. ఎవరికైనా గురవయ్య చెప్పే మాట అదే. కానీ చెయ్యి ముందు బ్రేకు పట్టేసింది. రాయిలా గాలి కొట్టించిన చక్రం రాయిలాగే జారింది. సైకిలు ఒక పక్క, ఆయన ఒక పక్క, మూట ఇంకొక పక్క. అది ఐదోసారి.

నతానియేలు పరుగెత్తుకొచ్చి ముందు పట్టా కొస పట్టుకున్నాడు, తర్వాత గురవయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఇందులో గురవయ్యకు తప్పేమీ కనిపించలేదు. లేచి చూసుకున్నాడు. పగిలింది నమ్మరాని మోకాలే. ముందు చక్రం ఎనిమిది అంకెలా మెలి తిరిగింది. మూట హద్దు రాయికి తగిలి ప్లాస్టిక్కు చీరి, ఎర్ర నీళ్ళు నిలిచిన పక్క గుంటలో బోర్లా పడింది.

దాన్ని ఎత్తింది పేరమ్మ. చిరుగులోంచి అంచు చూసి ఆగిపోయింది.

"ఇయ్యి మా చీరలు గదా!"

"మీరు సమాజంలో ఉన్నారామ్మా?"

"ఇందులో ఒకటి నాదే అన్నయ్యా."

"మరి పదకొండింటికి కూడికైతే ఇక్కడున్నారేంటి?"

పేరమ్మ ఆయన్ని చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"కాయలు తడుస్తుంటే కూడికేంది? ఊళ్ళో ఆడోళ్ళందరం రోడ్ల మీదే ఉన్నాం. వీరమ్మ టీచరు గారు కూడా వాళ్ళ చెల్లెలి కల్లంలో పట్టాలు కప్పుతున్నారు. వచ్చే ఊళ్ళ వాళ్ళకు మాత్రం కాయలు లేవా ఏంది? వానాగినాక మైకులో చెప్తారు."

గురవయ్య ఇన్నేళ్ళు మిరప ఊళ్ళలో వ్యాపారం చేశాడు. దారి లెక్క వేశాడు, టైరు లెక్క వేశాడు, నిమిషాలు లెక్క వేశాడు. చీరలు కట్టుకునే వాళ్ళ ఇళ్ళ ముందు కాయలున్నాయని లెక్కలోకే తీసుకోలేదు.

"ఇప్పుడన్నా కొస పట్టుకుంటావా? దానిక్కూడా గంట కొడతావా?" అన్నాడు నతానియేలు.

పట్టుకున్నాడు. వాన దబదబా వచ్చి పడింది. రాళ్ళు చాలక, పట్టా ఎగరకుండా గురవయ్య దాని అంచు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. మూటను కాయల పక్కన పట్టా కింద పెట్టారు. నలభై నిమిషాల పాటు మోకాలి నెత్తురును వాన కడుగుతూనే ఉంది, మిరప ఘాటు దాన్ని మండిస్తూనే ఉంది.

వాన తగ్గాక మూట విప్పారు. ఇరవై ఐదు పొడిగా ఉన్నాయి. అడుగున ఉన్న ఐదూ బురదా, ఎర్ర నీళ్ళూ పీల్చుకున్నాయి. పేరమ్మ వాటిని రోడ్డు పక్క చేతిపంపు కిందికి తీసుకుపోయింది.

"రుద్దకమ్మా! రుద్దితే రేగడి నూల్లోకి ఎక్కుద్ది. ఊరికే నీళ్ళు పొయ్యి."

"నేసే సంగతి నువ్వు చూసుకో అన్నయ్యా. ఉతికేది మాకొదిలెయ్యి."

రెండు పూర్తిగా తేరుకున్నాయి. మూడింటికి కుచ్చిళ్ళ దగ్గర లేత ఎరుపు మచ్చ మిగిలింది. అంచు రంగు మాత్రం తెలుపు మీదికి దిగలేదు.

నతానియేలు తన మోపెడ్ మీద ముందు మూట, వెనక గురవయ్యను ఎక్కించుకున్నాడు. గట్టి వానకు రోడ్డు కడిగిన పలకలా ఉంది. బండి ఎక్కడా జారలేదు.

చర్చి ముందు మైకు అప్పుడే గరగరమంటోంది. పన్నెండున్నర. వీరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, తుమ్ముతూ ఎదురొచ్చింది.

"వందనాలండీ గురవయ్య గారూ. మేమే ఆలస్యం చేశాం, ఏమనుకోకండి. ముప్పై ఉన్నాయా?"

మచ్చలు లోపలికి వచ్చేలా మడిచి ఇస్తే ఈ గడపలో ఎవరికీ తెలియదు. కానీ ఇంటికి పోయి విప్పితే తెలుస్తుంది, తెలిస్తే తొమ్మిది ఊళ్ళకూ తెలుస్తుంది.

"పొడివి ఇరవై ఐదండి. తడివి రెండు. మచ్చ పడ్డవి మూడు. ఆ మూడిటికీ నేను డబ్బు తీసుకోను."

"పడ్డారా?"

"పడ్డానండి. నా తొందరే."

పేరమ్మ వెనకే నడిచొచ్చి మచ్చ చీరల్లో ఒకటి తానే తీసుకుంది. "కుచ్చిళ్ళలోకి పోద్ది, ఎవరు చూడొచ్చారు," అంటూ లోపలికి పోయింది. చెట్లకు ఆరేసిన రెండు తడి చీరల దగ్గర మిగతా ఊళ్ళ వాళ్ళు నిలబడి, అంచును వేళ్ళతో నలిపి, రంగు అంటిందేమోనని వేళ్ళు చూసుకున్నారు. అంటలేదు. పంపు కింద ఉతికిన సంగతి నతానియేలు అడిగిన వాళ్ళకూ, అడగని వాళ్ళకూ చెప్పాడు. చక్రం సంగతి ఇంకా బాగా చెప్పాడు.

సాయంత్రం బస్సులో, కాలు చాపడానికి చోటు లేక పక్కకు తిరిగి కూర్చుని, గురవయ్య లెక్క తేల్చాడు.

పోయినవి: ఒక చక్రం, మూడు చీరల ఖరీదు, ఉగాది దాకా మడతపడని మోకాలు. వచ్చినవి: ఎనిమిది ఊళ్ళలో ఐదు ఊళ్ళ ఆర్డరు. రెండు ఊళ్ళ వాళ్ళు చూద్దామన్నారు. ఒక ఊరి వాళ్ళకు వంకాయరంగు నచ్చలేదు. ఐదు ఊళ్ళకు ఒక మగ్గం మీద దుప్పటి తీస్తే చాలు, రేపోమాపో అన్నవాడు ఆగిపోతాడు. వాచ్‌మన్ ఎలాగూ తిరిగి రాడు.

ఇంకొకటి ఉంది. నతానియేలు కుప్పలో పదకొండు బస్తాల కాయలు ఒక్క చుక్క తడవకుండా నిలిచాయి. అందులో గురవయ్యది ఒక్క కాయ కూడా లేదు. కాసేపు ఆలోచించి, దాన్ని కూడా వచ్చిన వైపే వేసుకున్నాడు.