స్టాండర్డ్ సైజు

నేను ఒక పిస్టన్‌ని. పాతకాలపు మోటారుసైకిలు ఇంజనులో పైకీ కిందకీ ఆడాల్సినదాన్ని. అల్యూమినియం కరిగించి, అచ్చుపోసి, నున్నగా చెక్కి, నూనె కాగితం చుట్టి పెట్టెలో పెట్టారు. పెట్టె మీద ‘స్టాండర్డ్’ అని వేశారు. నా ఖర్మంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

బెజవాడలో ఒక స్పేర్‌పార్టుల కొట్లో ఏళ్ళ తరబడి పడి ఉన్నాను. ఇంజను అరిగినప్పుడల్లా సిలిండరు బోరు, అంటే లోపలి రంధ్రం, కాస్త పెంచి, కాస్త లావు పిస్టన్ వేస్తారు. నాది మొట్టమొదటి సైజు. నా ఈడు బళ్ళన్నీ ఎప్పుడో బోరు పెంచుకున్నాయి. నా లావుపాటి అన్నలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చౌక కదా అని నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్ళు సైజు చూసి కింద పెట్టేవాళ్ళు. ఎవరికీ అక్కర్లేకుండా ఉండడమంటే ఏమిటో నన్నడగండి, చెబుతాను.

ఒకరోజు తెనాలి నుంచి కోటిలింగం వచ్చాడు. రిటైరైన రైల్వే గుమాస్తా.

“చౌకలో కావాలయ్యా. అలాగని నాసిరకం అంటగట్టకు. స్టాండర్డ్‌దేనా?”

“స్టాండర్డేనండి,” అన్నాడు కొట్టాయన.

ఈయన అడిగింది నాణ్యత, ఆయన చెప్పింది సైజు. ఇద్దరూ నిజమే మాట్లాడుకున్నారు, మధ్యలో నేను అమ్ముడుపోయాను.

“తొందరగా కట్టవయ్యా,” అన్నాడు కోటిలింగం. “నా పాత స్నేహితుడు జబ్బారు మంచాన పడ్డాడు. మాట పోయింది, మనుషుల్ని పోల్చుకోలేడు. సందులో నా బండి చప్పుడు వినపడితే మాత్రం చెయ్యెత్తుతాడు. ఆ బండేమో ఇంజను పట్టేసి మూలపడింది.”

తెనాలిలో మెకానిక్ దావీదు నన్ను సిలిండర్లో పెట్టి చూశాడు. వదులుగా జారిపోయాను.

“బాబాయ్, స్టాండర్డంటే మంచిదని కాదు. మొదటి సైజని.”

కోటిలింగం నన్ను అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఆ బండికి కావాల్సిన సైజు ఎక్కడా దొరకడం లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

చివరికి దావీదుకే జాలేసింది. “పోనీలే, లోపల స్లీవు దిగ్గొట్టి, దీనికి సరిపడా బోరు చేస్తాలే,” అన్నాడు. స్లీవంటే సిలిండరు లోపల తొడిగే ఇనుప గొట్టం. అలా ముసలి ఇంజను నాకోసం మళ్ళీ పడుచుదైంది.

బండి తయారైన సాయంత్రం కోటిలింగం, నేను జబ్బారు ఇంటికి వెళ్ళాం. ఎంత మెత్తగా నడిచానో! నా బతుక్కి అదే మొదటి పండగ. జబ్బారు భార్య ఖైరున్నీసా గుమ్మంలోకి వచ్చింది.

“మీరా అన్నయ్యా? ఎవరిదో కొత్త బండనుకున్నా.”

“చెయ్యెత్తాడామ్మా?”

“లేదన్నయ్యా. అటు తిరిగే పడుకున్నారు.”

అప్పుడు తెలిసింది నాకు. జబ్బారు గుర్తుపట్టేది బండిని కాదు, నాకంటే ముందున్న అరిగిపోయిన పిస్టన్ చేసే టకటకని. నాకు ఆ చప్పుడు రాదు.

కొత్త పిస్టన్ కదా, కొన్నాళ్ళు నెమ్మదిగా నడపమన్నాడు దావీదు. కోటిలింగం వినడు. నన్ను అరగదీయాలని ఆయన తొందర. నాదీ అదే తొందర. కానీ అరగడానికి ఏళ్ళు పడుతుంది, జబ్బారుకి అన్నేళ్ళు లేవు. రోజూ ఆ గుమ్మం ముందు బండి గట్టిగా రైజు చేసి, కాసేపు ఆగి తిరిగొస్తాం.

కొట్లో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ సరిపోలేదని ఏడ్చాను. ఇప్పుడు మరీ బాగా సరిపోయానని ఏడుస్తున్నాను. రేపు సాయంత్రం మళ్ళీ వెళతాం.