ఉమ్మడి తీగ

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: ఒక టార్చిలైటు, ఒక టెస్టరు, ఇంటినిండా చీకటి, తమ్ముడి మీద గట్టి అనుమానం. వీటిలో నేను బాగా నమ్మింది ఆఖరిదాన్ని.

స్విచ్‌బోర్డు ఉన్న గోడ చెమ్మెక్కి, మా ఆవిడకి ఒకసారి షాకు కొట్టింది. దాంతో పాత ఫ్యూజుల పెట్టె పీకించి, లీకేజీ పట్టే కొత్త బ్రేకర్ పెట్టించాను. పెట్టించిన రోజు నుంచీ అదే వరస. పగలంతా బుద్ధిగా ఉంటుంది. దీపాలు వేసే వేళకి టప్పున పడిపోతుంది. పైకెత్తితే నిలబడదు. కాసేపాగి ఎత్తితే ఒక్కోసారి నిలబడుతుంది, మనం అటు తిరగ్గానే మళ్ళీ పడుతుంది.

దాన్ని పెట్టిన కరెంటాయన్ని పిలిపించాను. మనిషి మంచివాడే, కాకపోతే ఆయన నోరు చేతులకంటే ముందు పని మొదలుపెడుతుంది. వంటింట్లో హోల్డరు మార్చి, "ఇక చూస్కోండి షావుకారుగారూ, మీ మనవలు పెళ్ళిళ్ళు చేసుకునేదాకా ఇది పడితే ఒట్టు" అన్నాడు. ఆయన వీధి మలుపు తిరక్కముందే పడింది. ఇంకోసారి వచ్చి ఏకంగా బ్రేకరే మార్చాడు. అది కూడా పోయినదాని దారే పట్టింది.

నాది తాళ్ళు, టార్పాలిన్లు, గోనెసంచుల అంగడి. సరుకు తరిగిపోతోందంటే ఎక్కడ పోతోందో పట్టుకోవడం నాకు చేతనైన పని. ఒక్కో తలుపూ మూసుకుంటూ రావడమే, ఏ తలుపు మూస్తే పోవడం ఆగిందో దొంగ అక్కడున్నట్టు. ఇంట్లోనూ అదే చేశాను. స్విచ్‌లన్నీ ఆర్పేసి గదికొకటి చొప్పున వేస్తూ వచ్చాను. ఏ గది మీదా నేరం రుజువు కాలేదు. ఆఖరికి ఒక్క దీపం కూడా వెయ్యకుండా, బ్రేకర్ మాత్రం పైకెత్తి, దాని ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చున్నాను. మా ఆవిడ టార్చి పట్టుకుని పక్కన నిలబడింది.

అయినా పడింది.

సరిగ్గా అప్పుడే గోడ అవతల మా మరదలి గొంతు వినిపించింది. "ఇదుగో, మళ్ళీ పోయింది!"

మా ఆవిడ నా వంక చూసింది. "మనకి పోతే వాళ్ళకీ పోవడమేంటండీ?"

"వాళ్ళకి పోవడం కాదు. వాడే ఏదో చేస్తున్నాడు."

"ఎవరు, మా మరిదా? బల్బు మార్చమంటే స్టూలు పట్టుకోడానికి ఇద్దరు కావాలి ఆయనకి. మీ బ్రేకర్ పడగొట్టే తెలివి కూడానా!"

ఇది ఒకప్పుడు ఒకే ఇల్లు. నాన్న పోయాక అంగడి నాకు, గిడ్డంగి తమ్ముడికి, ఇల్లు చెరి సగం అనుకున్నాం. అన్నీ నవ్వుతూనే పంచుకున్నాం. హాలు మధ్యలో గోడ ఎక్కడ లేపాలన్న దగ్గర జానెడు తేడా వచ్చింది. మాటా మాటా పెరిగింది. జానెడూ నేనే గెలిచాను, గోడ వాడి వైపుకి జరిగింది. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

మాటలు ఎలా దాచుకోవాలో నేర్పింది నాన్నే. బేరంలో ముందు నోరు విప్పకండిరా అనేవాడు. అవతలివాడు కాస్త దిగాడా, వెంటనే సరేననకండి, ఆగితే ఇంకాస్త దిగుతాడు అనేవాడు. ఇద్దరం అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నాం. కొనేవాళ్ళ మీద బ్రహ్మాండంగా పనిచేసింది. అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు ప్రయోగిస్తే ఏమవుతుందో మాత్రం ఆయన చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే కరెంటాయన వచ్చాడు. నేను చూసింది చెప్పాను. మొదట నమ్మలేదు. తనే ఒకసారి అన్నీ ఆర్పి చూసుకుని, బోర్డు విప్పి, తీగలన్నీ ఒక్కొక్కటీ పట్టి చూశాడు. ఆయన చేతులు నోటికంటే ముందు పని మొదలుపెట్టడం నేను చూడటం అదే మొదలు.

"షావుకారుగారూ, వెళ్ళే తీగ ఒకటి, తిరిగొచ్చే తీగ ఒకటి. ఎంత వెళ్ళిందో అంతా తిరిగొచ్చిందా లేదా అని ఈ బ్రేకర్ చూస్తూ ఉంటుంది. తేడా కనపడిందా, పడిపోతుంది. సాయంత్రం అంగడి కట్టేముందు మీరు సరుకు సరిచూసుకోరూ? అలాగన్నమాట."

"మరి మేం ఏమీ వెయ్యనప్పుడు తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అదేనండీ. మీవైపు నుంచి ఏమీ వెళ్ళలేదు. అయినా ఏదో తిరిగొస్తోంది. ఎవరిదో దీపం, పోవడం వాళ్ళ బోర్డులోంచి పోయి, రావడం మీ తీగలోంచి వస్తోంది. దాంతో మీ బ్రేకర్ పడుతోంది. అది పడితే వాళ్ళ దీపానికి తిరుగుదారి తెగిపోతుంది కదా, అదీ ఆరిపోతుంది." గోడ వంక చూసి గొంతు తగ్గించాడు. "ఏ దీపమో తేలాలంటే ఆ వైపు ఎవరైనా ఒక్కొక్కటీ వెయ్యాలి. మీరొకసారి వెళ్ళి చెప్పి..."

"నువ్వెళ్ళు."

"అన్నదమ్ములు మీరుండగా మధ్యలో నేనేంటండీ?"

"నీ పని అదే కదయ్యా, మధ్యలో తీగలు కలపడం. వెళ్ళు."

వీధిలోంచి చుట్టు తిరిగి వెళ్ళి చెప్పి వచ్చాడు. వచ్చి బ్రేకర్ దగ్గర నిలబడి గోడకేసి అరిచాడు. "మొదటిది వెయ్యండి, చిన్న షావుకారుగారూ!"

"వేశాను!"

తమ్ముడి గొంతు. ఇన్నాళ్ళూ గోడ అవతల వాడు మెల్లగానే మాట్లాడేవాడు, నాకు వినపడకూడదని కాబోలు. గొంతు కాస్త బొంగురుపోయింది. చివర్లో దగ్గాడు.

"పడలేదండీ! అది తీసేసి ఇంకోటి వెయ్యండి!"

"ఇదుగో!"

"ఊహూఁ! ఇంకోటి!"

"ఇది హాల్లో దీపం. దీంతోనే మా ప్రాణం పోతోందయ్యా, బల్బు పోయిందనుకుని బల్బుల మీద బల్బులు మార్చి చస్తున్నాం. వేస్తున్నా!"

టప్.

మా ఇంటి మొత్తం మీద వెలుగుతున్న ఒక్క దీపమూ ఆరిపోయింది. అవతల కూడా ఆరి ఉంటుంది.

"అన్నయ్యా, పోయిందా?"

కరెంటాయన్ని అడగలేదు వాడు. నన్నే అడిగాడు. ఆ హాలు దీపం కిందే వాడు గిడ్డంగి నుంచి వచ్చి కూర్చుంటాడు. ఇన్ని సాయంత్రాలు అక్కడ చీకట్లో కూర్చున్నాడు, ఇక్కడ నేను చీకట్లో కూర్చుని వాణ్ణి తిట్టుకున్నాను.

మా ఆవిడ కళ్ళతోనే "అనండి" అంది.

నాకు తెలిసిపోయింది, వాడు దిగాడు. ముందు నోరు విప్పింది వాడు. లోపల ఎంత సంతోషమో చెప్పలేను. ఆ సంతోషంలోనే పాత అలవాటు నా చెయ్యి పట్టుకుంది. దిగడం మొదలెట్టినవాడు ఇంకో మాట అంటాడు. "ఎలా ఉన్నావు" అంటాడు. "ఆ జానెడు సంగతి వదిలేద్దాం" అన్నా అంటాడు. ఆగుదాం.

"పోయిందని చెప్పు," అన్నాను కరెంటాయనతో.

"ఆయన మిమ్మల్నే అడిగారండీ."

"నువ్వు చెప్పవయ్యా."

"పోయిందండీ!" అని అరిచాడాయన.

"ఊఁ," అన్నాడు తమ్ముడు. అంతే.

తర్వాత నిచ్చెన వేసుకుని కప్పు దగ్గర తీగల పెట్టె మూత తీశాడు కరెంటాయన. "దొరికాడు దొంగ! వాళ్ళ హాలు దీపానికి తిరుగుతీగ ఇందులోంచి పోయింది. గోడ కట్టినప్పుడు అన్నీ విడదీశారు, ఇదొక్కటీ ఉమ్మడిగా మిగిలిపోయింది. పాత ఫ్యూజులకి ఈ తేడా పట్టే తెలివి లేదు గనక ఇన్నాళ్ళూ గడిచింది. అసలు గోడ ఒక్క జానెడు ఇటు కట్టుంటే ఈ పెట్టె అటు పడేది, ఈ బాధే ఉండేది కాదు. ఎవరండీ ఇక్కడ కట్టమన్నది?"

మా ఆవిడకి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

చెయ్యాల్సింది ఒకటే. వాళ్ళ బోర్డు నుంచి వాళ్ళ దీపానికి వేరే తీగ వేసి, ఈ ఉమ్మడి తీగ కోసెయ్యాలి. రెండిళ్ళ మెయిన్లూ తీయించి, ఆ వైపు కొత్త తీగ వేసి వచ్చి, పాతదాన్ని పెట్టెలో కోశాడు. తీగ కొస నా చేతిలో పెట్టాడు. "నిచ్చెనెక్కి ఇది పట్టుకోండి, మెలిపడకుండా వదులుతూ ఉండండి. తమ్ముడుగారు అటు నుంచి లాగుతారు. నేనెళ్ళి ఆ చివర చూస్తాను."

గోడ పైన ఆ తీగ దూరిన చిన్న కంత ఉంది. దాని దగ్గర ముఖం పెట్టుకుని నిలబడ్డాను. అవతల నిచ్చెన కిర్రుమంది. వాడూ నాలాగే ఎక్కి ఉంటాడు. ఊపిరి వినపడుతోంది, మధ్యమధ్య చిన్న దగ్గు. తీగ రెండు కొసలూ ఇద్దరి చేతుల్లో ఉన్నాయి. ఒక్క మాట అంటే చాలు, అరవక్కర్లేదు కూడా. "దగ్గేంట్రా" అంటే చాలు.

వాడు ఇంకో మాట అంటాడని ఆగాను. వాడూ ఆగాడు. నాన్న దగ్గర చదువుకున్నది నేనొక్కణ్ణే కాదుగా.

తీగ కాస్త బిగిసింది.

"లాగనా?" అన్నాడు. అన్నయ్యా అని లేదు.

"లాగు."

తీగ వేళ్ళ మధ్య నుంచి మెల్లగా జారుతూ వెళ్ళి, కొస కంతలోకి పోయింది. కాసేపటికి కరెంటాయన తిరిగొచ్చి కంతలో సిమెంటు పూశాడు.

"ఏమన్నాడు మా మరిది?" అంది మా ఆవిడ, నేను నిచ్చెన దిగగానే.

"లాగనా అన్నాడు."

"మీరేమన్నారు?"

"లాగు అన్నాను."

ఇంకేదైనా ఉందేమోనని నా ముఖంలోకి చూసింది. లేదని తెలిశాక లోపలికి వెళ్ళిపోయింది.

బ్రేకర్ మళ్ళీ పడలేదు. ఇదివరకు దీపం పోతే రెండు వైపులా ఒకేసారి "అయ్యో" అనుకునేవాళ్ళం, ఇప్పుడది కూడా లేదు. సాయంత్రాలు కొన్నిసార్లు బోర్డు ఎదురుగా ఆ కుర్చీలోనే కూర్చుంటున్నాను. గోడ అవతల దగ్గు వినిపిస్తుంది. ఏం మందు వాడుతున్నాడో మా ఆవిడ మరదల్ని వీధిలో అడిగి వచ్చి నాకు చెబుతుంది.

బేరం ముగిసింది. నాకు దక్కినవి ఇవి: ఆరని దీపం, హాల్లో జానెడు జాగా. ఆ జాగాలో చీపురు నిలబెట్టుకుంటున్నాం.