రాహేలుకు చేసిన వేడుక

ఎనభై ఏడులో తెనాలి జోనల్ పోటీల్లో రాహేలు నాలుగొందల మీటర్లు గెలిచింది. రెండోదిగా వచ్చిన సామ్రాజ్యం అప్పటికింకా మలుపు దగ్గరే ఉంది. అదే కొంప ముంచింది. కాస్త తక్కువ తేడాతో గెలిచి ఉంటే జనం చప్పట్లు కొట్టి ఊరుకునేవాళ్ళు.

"అది ఆడపిల్లంటే నేన్నమ్మను. ఆ గొంతేంటి, ఆ పిక్కలేంటి? పదహారేళ్ళొచ్చినా పెద్దమనిషి కాలేదంట!" అంది సామ్రాజ్యం తల్లి వరమ్మ, అందరికీ వినపడేలా.

ఏ ఇంటి పిల్ల ఎప్పుడు పెద్దమనిషైందో మన ఊళ్ళలో అందరికీ తెలియాల్సిందే. పందిరేసి, మైకు పెట్టి మరీ చెప్తాం. చెప్పనివాళ్ళని అనుమానించే హక్కూ మనదే.

డ్రిల్లు మాస్టారు రంగనాయకులు అమృతలూరులో రాహేలు ఇంటికొచ్చి, తల్లి ఏసమ్మతో గొంతు తగ్గించి చెప్పాడు.

"పై నెల బాపట్లలో జిల్లా పోటీలమ్మా. వరమ్మ ఫిర్యాదు పెడతానంటోంది. నన్నడిగితే ఏం చెప్పాలి?"

రాహేలు అన్నం ముట్టలేదు. చదువు అంతంత మాత్రం, ఇంటి సంగతి చెప్పక్కర్లేదు. ఆ పిల్లకి ఉన్నదల్లా పరుగొక్కటే. పరిగెడుతుంటే ఎవరి మాటా వినపడదనేది.

ఏసమ్మ తెగించింది. కూతురు పెద్దమనిషైందని వాడంతా చెప్పింది. చాపేసి కూర్చోబెట్టింది, చిమ్మిలి దంచింది. రేపల్లె నుంచి ఆమె తమ్ముడు మార్కు మేనమామ హోదాలో పట్టుచీర తెచ్చాడు. పిలిస్తే వరమ్మ కూడా వచ్చి, చిమ్మిలి తిని, నోరు మూసుకుని కూర్చుంది. చాప మీద రాహేలు చాలా రోజుల తర్వాత నవ్వింది.

భోజనాలయ్యాక మార్కు అసలు విషయం ఎత్తాడు.

"చీర నేనే పెట్టాను. పిల్లని మా దేవసహాయానికే ఇస్తావక్కా. వచ్చే ఆదివారమే చర్చిలో పెళ్ళి ప్రకటన చదివిద్దాం. ఇంక లాగులేసుకుని ఆ పరుగులేంటి?"

ఏసమ్మ ఇంత చేసింది ఆ పరుగు కోసమే కదా! రాహేలే లేచి నిలబడింది.

"మావయ్యా, నేను పెద్దమనిషిని కాలేదు. బాపట్లలో పరిగెత్తనిస్తారని అబద్ధం చెప్పాం."

మార్కు చీర తీసుకుని రేపల్లె బస్సెక్కాడు. వరమ్మ తిన్నగా రంగనాయకులు ఇంటికెళ్ళింది. రాహేలు పేరు కొట్టేసి సామ్రాజ్యం పేరు రాశారు. "నా చేతుల్లో లేదమ్మా" అన్నాడాయన. ఎవరి చేతుల్లో ఉందో మాత్రం చెప్పలేదు.

బాపట్ల పోటీల రోజు పొద్దున రాహేలు దొడ్లో తడక చాటున తలంటుకుంటోంది. ఏసమ్మ కుంకుడు రసం తెచ్చింది. ఈ పిల్లని కని, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది ఆమే. లోపలికి రాకుండా తడక ఇవతలే ఆగిపోయింది.

"నిజం చెప్పవే. నువ్వు ఆడపిల్లవేనా?"

రాహేలు చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఎవరడిగినా అమ్మ మాత్రం అడగదనుకుంది.