పాదం మీద వాత

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నాకు జుట్టు నెరిశాకే పట్టుబడ్డాయి. ఒత్తులు ఇప్పటికీ ఒకచోట పెట్టాల్సినవి ఇంకోచోట పడతాయి. ఒక్క పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. నిదానంగా రాసినదాన్ని మీరూ నిదానంగానే చదవండి.

కలకత్తా భవానీపూర్ వెనక సందుల్లో కార్పొరేషన్ వాళ్ల క్వార్టర్లున్నాయి. కింది వరసలో ఒక గదిలో మల్లేశు, అతని పెళ్లాం అమ్ములు, వాళ్ల కూతురు పుష్పరాణి ఉండేవారు. మల్లేశు చెత్తబండి తోసేవాడు. తెల్లారేసరికి ఈల వేసుకుంటూ ఇంటింటి ముందూ బండి ఆపితే, మేడల మీదివాళ్లు సంచులు పట్టుకుని దిగేవారు. బండికి చక్రాలున్నా నడిపేవి మా ఆయన కాళ్లేనని అమ్ములు అంటూండేది. ఆ కాళ్లు పనికిరాకపోతే డ్యూటీ ఉండదు. డ్యూటీ లేకపోతే గది ఖాళీ చేయాలి. ఆ వరసలో పుట్టిన పిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది.

మల్లేశుకి సుగరు వచ్చి చాలాకాలమైంది. గుర్తొచ్చినప్పుడు బిళ్ల మింగేవాడు. దానికి తోడు కుడి మోకాలు పట్టేయడం మొదలైంది. పొద్దున్నే మంచం దిగడానికి గోడ పట్టుకునేవాడు. మొబైల్ దుకాణంలో పనిచేసే పుష్పరాణి అది చూడలేక ఫోన్లో ఒక మిషను తెప్పించింది. అరచేతిలో ఇమిడే పెట్టె. దానికి రెండు తీగలు, తీగల చివర జిగురు బిళ్లలు. నొప్పి ఉన్నచోట బిళ్లలు అతికించి మీట నొక్కితే సన్నటి కరెంటు ఒంట్లోకి పోతుంది.

"బాబా, మోకాలికే పెట్టాలి. ఇంకెక్కడా వద్దు. చీమలు పాకినట్టుండాలంతే. మంటెడితే తీసేయాలి," అని తండ్రికి చెప్పింది పుష్పరాణి.

పక్కగది వెంకటేశు గుమ్మంలో నిలబడి చూసి పకపకా నవ్వాడు. "ఏటి మల్లేశూ, నీకు సార్జింగెడతన్నారేటి? నిండాక సెప్పు, నా ఫోను కూడా నీకే తగిలిస్తాను!"

నవ్వులాటకేం గానీ మిషను పనిచేసింది. నాలుగు వారాలు తిరిగేసరికి మల్లేశు గోడ పట్టుకోకుండా లేచాడు. అమ్ములు ఆ పెట్టెని దేవుడి పటం పక్కన పెట్టి, మీద ఒక చేతిరుమాలు కప్పింది.

మోకాలు కుదుటపడ్డాక పాదం సంగతి మొదలైంది. నిజానికది పాత సంగతే. పొద్దు వాలితే కుడి అరికాలు మంటలెత్తేది. పగలంతా మొద్దులా పడుండేది. ఒకసారి చెప్పు ఊడిపోయినా తెలియక మల్లేశు వీధి చివరిదాకా వట్టికాలితో బండి తోశాడు. పూలు అమ్మే ఆవిడ కేకేసి చెప్తే వెనక్కొచ్చాడు. ఆ రోజు ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు.

అమ్ములు పుట్టింటివాళ్లు వాతలు వేసేవాళ్లు. పసుపుకొమ్ము దీపం మీద కాల్చి, రోగం ఉన్నచోట చురుక్కుమనిపిస్తారు. పొక్కు లేస్తే వాత పండినట్టు, లోపలి రోగం బయటికి దారి పట్టినట్టు. లేవకపోతే అది వట్టి వాత, మళ్లీ వేయాలి. పండిన వాత మీద మందు రాయకూడదు, తడి తగలనివ్వకూడదు. కలకత్తాలో పుట్టి పెరిగినా అమ్ములుకి ఇది తల్లి చేతినుంచి వచ్చిన విద్య. మల్లేశుకి పచ్చకామెర్లు వచ్చినప్పుడు మణికట్టు మీద ఆమె వాత వేసింది, అతను లేచి తిరిగాడు. అందుకే ఆ చేతి మీద ఇద్దరికీ నమ్మకం.

ఒక వానాకాలం మధ్యాహ్నం కూతురు దుకాణానికి వెళ్లాక, అమ్ములు మిషను దించి మొగుడి పాదం ఒళ్లో పెట్టుకుంది. అప్పటికే బిళ్లల జిగురు పోయింది. ఒకటి అంచు చిరిగి లోపలి తీగ మొన బయటికొచ్చింది. పాత చీర పీలికతో రెండు బిళ్లల్నీ పాదం మీద బిగించి కట్టింది.

"తెలస్తందా మావా?"

"ఏటీ తెల్డం నేదు. పెంచు."

"ఇప్పుడో?"

"నీ మిసను నిద్దరోతందే. ఇంకా పెంచు."

"సివరికొచ్చీసింది. ఇంక పెరగదు."

"అయితే అలాగే ఒగ్గీ. పాకుతాది నెమ్మదిగా."

బయట వాన, కడుపులో వేడన్నం. మల్లేశు గురకపెట్టాడు. అమ్ములు కూడా గోడకి చేరగిలి కునికింది. లేచి పీలిక విప్పేసరికి, పాదం మీద చిక్కుడుగింజంత పొక్కు నీరు పట్టి మెరుస్తోంది.

అమ్ములు రెండు చేతులూ జోడించింది. "పండింది మావా! వాత పండింది! ఈ పాడు మంట బయటికొచ్చీస్తంది సూడు."

"మంచిదేనే. నొప్పి కూడా నేదు," అన్నాడు మల్లేశు. "కామెర్లకి నువ్వు కాల్చినప్పుడైతే ఊరు లేచిపోయేట్టు అరిసేను."

నొప్పి లేకపోవడం కూడా వాళ్లకి శుభంగానే తోచింది. మర్నాడు పక్కనే ఇంకొక పొక్కు లేపారు. కూతురితో చెప్పలేదు, చెప్తే అరుస్తుందని. మందు రాయలేదు.

ఆ వారమంతా వీధులు మునిగిపోయాయి. బూటు పొక్కుల్ని ఒరుసుకుంటోందని మల్లేశు బూట్లు మానేశాడు. వాతకి తడి తగలకూడదని అమ్ములు పాదానికి ప్లాస్టిక్ సంచి తొడిగి, పురికొసతో కట్టి పంపేది. పిక్కలదాకా నల్లటి నీళ్లలో బండి తోసుకుని అతను వచ్చేసరికి సంచి నిండా నీళ్లుండేవి. పొక్కు చిట్లి నల్లబడితే, రోగం విషం కక్కుతోందనుకుంది అమ్ములు.

ఆదివారం ఇంట్లో కంపు కొట్టింది. ఎలుక చచ్చిందని పుష్పరాణి ట్రంకుపెట్టెలు లాగింది, మంచం కిందికి దూరింది. మోకాళ్ల మీద లేస్తూంటే తండ్రి పాదం ఆమె మొహానికి ఎదురుగా ఉంది. కంపు అక్కడినుంచి.

"ఏటిది? బాబా, ఏటిది?" పిల్ల గొంతు చీలిపోయింది. "మా! ఎవరు కాల్చారు?"

"కాల్చడం ఏటే, వాత. నీ మిసనుతోనే..."

"మోకాలికని సెప్పాను కదా! వేరే ఎక్కడా వద్దని సెప్పాను కదా!"

"తెలస్తే మానీయనా తల్లీ. ఆయనకి నొప్పే నేదు..."

"నొప్పి నేకపోవడమే కదమ్మా రోగం!" అని అరిచి, వెంకటేశుని పిలవడానికి పరుగెత్తింది పుష్పరాణి. ముగ్గురూ కలిసి మల్లేశుని ఆస్పత్రికి తీసుకెళ్లారు.

డాక్టరు కుర్రవాడు. పాదాన్ని సూదితో గుచ్చుతూ పైకి వచ్చాడు. పిక్క సగందాకా మల్లేశు ఉలకలేదు. మిషను ఎవరు పెట్టారని డాక్టరు బెంగాలీలో అడిగాడు.

"నేనే పెట్టుకున్నాను, డాక్తర్‌బాబూ," అన్నాడు మల్లేశు, పెళ్లాం వైపు చూడకుండా.

స్పర్శ లేనిచోట కరెంటు పెట్టకూడదనీ, చర్మం కాలినా మనిషికి తెలియదనీ, ఇప్పుడు చీము ఎముకకి చేరిందనీ డాక్టరు చెప్పాడు. కాలు తీయాలి. లేకపోతే మనిషే దక్కడు.

మల్లేశు అతని చేయి పట్టుకున్నాడు. "వేళ్లు తీసేయండి బాబూ. ఐదూ తీసేయండి. మడమ ఉంచండి. మడమ ఉంటే బండి తొయ్యగలను."

డాక్టరు చేయి విడిపించుకోలేదు.

మోకాలి కిందికి తీసేశారు. మిషనుతో బాగుపడిన ఆ మోకాలు మాత్రం మిగిలింది. చెత్తబండ్లవాళ్ల మీద అజమాయిషీ చేసే సర్దార్ వచ్చి చూసి, బత్తాయిలు తలగడ పక్కన పెట్టి వెళ్లాడు. గది మాట ఎత్తలేదు. ఎత్తకపోవడంతోనే ముగ్గురికీ అర్థమైంది. పుష్పరాణి రోజూ వచ్చేది, తండ్రికి అన్నం కలిపి పెట్టేది. తల్లితో మాట మానేసింది. అమ్ములు ఏదైనా అడిగితే జవాబు తండ్రికి చెప్పేది.

"నన్ను ఒక్క మాటేనా తిట్టు మావా," అని అమ్ములు బతిమాలుకుంది.

"తిడితే మొలుస్తాదేటే?" అన్నాడతను. అందులో కోపం లేదు. ఆ కోపం లేని గొంతే ఆమె భరించలేకపోయింది.

ఒక సాయంత్రం చూడ్డానికి వచ్చినవాళ్లతో వార్డు నిండిపోయి ఉండగా మల్లేశు ఒక్కసారి పళ్లు బిగించాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"మంట అమ్ములూ. బొటనేలు మంట. నిప్పులో పెట్టినట్టుంది."

ఆమె ఎడమకాలి బొటనవేలు పట్టుకుంది.

"అది కాదే. ఆ కాలు."

అమ్ములు దుప్పటి వైపు చూసింది. మోకాలు దాటాక దుప్పటి చదునుగా ఉంది. అటుగా పోతున్న నర్సుని పిలిచి అడిగింది. కాలు పోయినవాళ్లకి అలా ఉంటుందనీ, కొందరికి తగ్గుతుందనీ, కొందరికి తగ్గదనీ నర్సు చెప్పి, పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

"ఇన్నాళ్లూ మొద్దులా పడుండేది. ఇప్పుడు తెలస్తందే, బాగా తెలస్తంది," అంటూ మల్లేశు పిల్లాడిలా ఏడ్చాడు. "ఏటేనా పెట్టవే. నీ సేత్తో ఏటేనా పెట్టు."

అమ్ములు కూతురి కోసం చూసింది. పుష్పరాణి కిటికీ వైపు తిరిగి నిలబడింది, ఇటు చూడలేదు. అమ్ములు చేయి చాచి, దుప్పటి మీద పాదం ఉండాల్సినచోటు దాకా తీసుకెళ్లింది. ఎక్కడ ఆపాలో ఆమెకి తెలియలేదు.

పొట్నూరు తవిటమ్మ
వయసు అరవై ఏడు
ఇప్పుడు ఉండేది లిలువాలో, చిన్న కూతురి దగ్గర