రెండో తలుపు

నగల కొట్టుకి కోడలు రెండో తలుపు పెట్టించినప్పటి నుంచీ మామగారు ఆవిడతో ముభావంగానే ఉన్నారు. కిందటేడు ఒకడు గాజులు పట్టుకుని ఉడాయించాడు. ఇంకోసారి అలా జరిగితే కొట్టు మూసుకోవడమే. అది తెలిసీ ఆయన మెత్తబడలేదు.

తలుపుల సంగతి ఇదీ. వీధి వైపు ఒకటి, లోపల ఒకటి, మధ్యలో మనిషి నిలబడేంత చోటు. ఒకటి పూర్తిగా మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. బుద్ధెరిగి కొట్టు తలుపు మూసి ఎరగని పెద్దాయనకి ఇదెక్కడి గోల? గాలి రావాలని లోపలి తలుపుకి తన ఎత్తుపీట అడ్డం పెట్టేవారు. వచ్చినవాళ్ళు వీధిలో నిలబడి తలుపు గుంజుకుంటూ ఉండేవాళ్ళు.

"మామయ్యా, ఆ పీట తీస్తేగానీ బయటి తలుపు రాదు," అని కోడలు రోజూ మొత్తుకునేది.

"వచ్చేవాళ్ళు చుట్టాల్లాంటివాళ్ళమ్మా. బోనులో నిలబెడతామా? సోమవారం మెకానిక్ వస్తాడు. ఊడదీయించేస్తా."

ఆ మాటకి కోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

శనివారం ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తేనె పూసిన మాట. "బాబాయిగారూ" అంటూ మామగారిని ఇట్టే బుట్టలో వేసుకున్నాడు. ఆయన పొంగిపోయి, కొట్టులోకెల్లా బరువైన హారం తీసి చేతిలో పెట్టారు. వెలుతురులో చూస్తానంటూ వాడు తలుపు దాకా నడిచి, లోపలి తలుపు లాగి మధ్య చోటులోకి ఒక్క దూకు దూకాడు.

కోడలు చటుక్కున లేచింది. తలుపు దానంతటదే మెల్లగా మూసుకుంటోంది. అది మూసుకుందా, వీధి తలుపు తెరుచుకుంటుంది. హారమూ పోతుంది, దాంతోపాటు కొట్టూ పోతుంది.

"మామయ్యా, పీట!"

ఆయనకి అలవాటైన పనే. పీట సందులోకి తోసి దానిమీద బైఠాయించారు.

వాడు వీధి తలుపు గుంజాడు. రాలేదు. వెనక్కి వద్దామంటే సందు నిండా మామగారే. ఆయనది చిన్న విగ్రహమేమీ కాదు.

"జరగండి బాబాయిగారూ."

"ముందు హారం ఇలా ఇవ్వు నాయనా. తొందరేముంది, కూర్చున్నాగా."

కోడలు అలారం నొక్కింది. బజారంతా వీధి తలుపు అద్దం అవతల పోగై చూస్తుంటే వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. పోలీసులు వచ్చేలోపే హారం మామగారి ఒళ్ళో పడింది.

సోమవారం మెకానిక్ వచ్చి వీధి తలుపు గుంజుతున్నాడు. మామగారు లేచి, పీట తీసి, లోపలి తలుపు తన చేత్తో మూశారు. అతను లోపలికొచ్చి, "ఏ తలుపు ఊడదీయాలండీ?" అన్నాడు.

"అది మా కోడలు పెట్టించిన తలుపు. చెయ్యి వేశావంటే ఊరుకోను. పెరటి వైపు కూడా అలాంటిదే ఇంకోటి పెట్టు."

కోడలి మొహం వెలిగిపోయింది. ఆవిడ ఆ పీటని తుడిచి, తలుపు పక్కనే, మామగారి చేతికందేలా పెట్టింది.